ఆ గది ఖాళీగా లేదు

“వీల్‌చెయిర్ రూము తీసుకోండి. మామూలు రూము కంటే పెద్దగా ఉంటుంది, రేటు మాత్రం అంతే. ఎవరూ ఏమీ అడగరు.”

క్రూయిజ్‌కు వెళ్లబోయేవాళ్లకు మన తెలుగువాళ్లు చెప్పే చిట్కాల్లో ఇప్పుడు ఇదొకటి. డాలస్‌లో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర విన్నాను. ఒక పుట్టినరోజు విందులో విన్నాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారని సెలవులు పెట్టుకుంటున్న ఒక మిత్రుడి నోట విన్నాను. మనవాళ్లే కాదు, అమెరికాలో ఓడ ప్రయాణాలకు అలవాటు పడ్డవాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. తల్లిదండ్రులు నాలుగు రోజులు సుఖంగా ఉండాలని కోరుకునేవాళ్లే. అందుకే ఎవరినీ తిట్టి ఊరుకోకుండా, దీన్నొక వాదనగా తీసుకుని జవాబు చెప్పదలుచుకున్నాను.

ముందు ఆ వాదనను దాని బలం తగ్గించకుండా చెబుతాను. గదులు అమ్మకానికి పెట్టారు. ముందు వచ్చినవాళ్లు ముందు కొనుక్కుంటారు, అంతకు మించి సమానమైన పద్ధతి లేదు. ఎవరూ తీసుకోకపోతే ఆ గది ఖాళీగా పోతుంది. మా పెద్దవాళ్లకూ మోకాళ్ల నొప్పులున్నాయి, ఆ గదిలో పట్టుకునే కడ్డీలు వాళ్లకూ పనికొస్తాయి. నిజంగా తప్పయితే కంపెనీయే అమ్మదు. అదే రేటుకు పెద్ద గది ఇవ్వడమే వికలాంగులకు చేస్తున్న ప్రత్యేక సౌకర్యం, ఇంకా ఏం కావాలి? చివరిగా, తనిఖీలు పెడితే పైకి కనిపించని జబ్బులున్నవాళ్లే ముందుగా అవమానపడతారు.

ఈ ఆరింటిలో చివరి మాటలో నిజముంది. దాని దగ్గర ఆగుతాను. మిగతా అయిదూ నిలబడవు.

ముందు గది సంగతి

వాదనంతా ‘పెద్ద గది’ అన్న ఒక్క మాట మీద నడుస్తోంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం. చాలా ఓడల్లో మామూలు గది తలుపు వెడల్పు 22, 23 అంగుళాలు. పెద్దవాళ్లు వాడే వీల్‌చెయిర్ వెడల్పు సాధారణంగా 24 నుంచి 26 అంగుళాలు. వీల్‌చెయిర్ గదికైతే తలుపు తెరిచాక 32 అంగుళాల దారి ఉండాలి. లోపల కుర్చీ ఒక చుట్టు తిరగడానికి 5 అడుగుల వృత్తం ఖాళీగా ఉండాలి. మంచం పక్కకు కుర్చీ ఆనించి, చేతుల మీద బరువు మోపి, ఒంటిని మంచం మీదికి జరుపుకోవడానికి చోటుండాలి. బాత్రూముకు గడప ఉండకూడదు. మామూలు గదుల్లో నీళ్లు బయటికి రాకుండా ఆ గడపను ఎత్తు చేస్తారు. షవర్ కిందికి కుర్చీతో సహా వెళ్లగలగాలి. అక్కడ గోడకు మడిచిపెట్టే పీట, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలు, అలమరలో కూర్చున్న మనిషి చేతికందే ఎత్తులో బట్టలు తగిలించే కమ్మీ ఉండాలి.

ఆ గదిలో ఎక్కువగా కనిపించే చోటంతా ఇదే, కుర్చీ తిరిగే చోటు. నడవగలిగినవాళ్లు అక్కడ సూట్‌కేసులు పరుచుకుంటారు.

రెండేళ్ల కిందట మా అక్కను తీసుకుని గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల ప్రయాణానికి వెళ్లాం. అక్కకు రెండో ఏట పోలియో వచ్చింది. బాపట్ల దగ్గర సూర్యలంకకు ఎన్నిసార్లు వెళ్లినా సముద్రాన్ని రోడ్డు చివర కారులో కూర్చునే చూసింది, ఇసుకలో చక్రాలు దిగబడతాయి కాబట్టి. ఒక్కసారైనా నాలుగువైపులా నీళ్లు కనిపించే చోట కూర్చోవాలని తన కోరిక. పది నెలల ముందు ఫోన్ చేశాను. మేం అడిగిన తరగతిలోనే కాదు, ఆ ఓడలో ఎక్కడా వీల్‌చెయిర్ గది మిగల్లేదన్నారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాను. అది కదల్లేదు. మడత కుర్చీతో ఎలాగో సర్దుకుందాంలే అని మామూలు గది తీసుకున్నాను. అది నేను చేసిన పొరపాటు.

కుర్చీ తలుపులో పట్టలేదు. కారిడార్‌లోనే అక్కను చేతుల మీద ఎత్తి లోపల మంచం మీద కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి కుర్చీ మడిచి లోపలికి తెచ్చేవాణ్ని. బయట వదిలేయడానికి ఒప్పుకోరు. నిప్పంటుకుంటే జనం పరిగెత్తే దారి అది, ఆ నియమం సరైనదే. బాత్రూము గడప దాటించడానికి ఒక పక్క మా ఆవిడ, ఒక పక్క నేను. యాభై ఏడేళ్ల మనిషి, హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరు. తన ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా పొద్దున్నే స్నానం చేసి వంట చేసుకునే మనిషి. ఆ గదిలో తమ్ముడు ఎత్తితే తప్ప కాలకృత్యాలకు వెళ్లలేకపోయింది.

మూడో రోజున గమనించాను, మధ్యాహ్నం మూడు దాటితే అక్క నీళ్లు ముట్టడం లేదు. కరీబియన్ ఎండ, డెక్ మీద ఉక్క, అయినా గ్లాసు పక్కన పెట్టేస్తోంది. అడిగితే “దాహంగా లేదురా” అంది. రాత్రిపూట మమ్మల్ని లేపాల్సి వస్తుందని మానేసిందని అర్థం కావడానికి నాకు ఇంకో రోజు పట్టింది.

మా అంతస్తులోనే బొత్తాం నొక్కితే తెరుచుకునే వెడల్పాటి తలుపున్న గది ఒకటుంది. పొద్దున్నే అందులోంచి ఒక జంట, ఇద్దరు పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని ఈత కొలను వైపు పరుగు తీసేవాళ్లు. వాళ్లలో ఎవరికి ఏ అవసరముందో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటి మాట: ముందు వచ్చినవాళ్లదే గది

ముందు వచ్చినవాళ్లకు ముందు ఇవ్వడం న్యాయం కావాలంటే, వరసలో ఉన్నవాళ్లందరికీ ఒకేలాంటి అవసరముండాలి. 2,000 గదులున్న ఓడను తీసుకోండి. నూటికి మూడు చొప్పున లెక్కేస్తే అందులో వీల్‌చెయిర్ గదులు 60. నడవగలిగినవాళ్లకు ఆ 2,000లో ఏదైనా పనికొస్తుంది. మా అక్కకు ఆ 60లో ఒకటి దొరకాలి. ఆ 60లో కిటికీ లేని లోపలి గదులు కొన్ని, బాల్కనీవి కొన్ని, బాగా ఖరీదైనవి కొన్ని. ఇద్దరికి మాత్రమే పడకలున్నవి తీసేస్తే, సాయానికి ఇద్దరు తోడుండే కుటుంబానికి మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి నడవగలిగినవాళ్లు తీసుకుంటే వాళ్లకు దక్కేది నాలుగడుగుల చోటు. అవతలివాళ్లకు తప్పిపోయేది మొత్తం ప్రయాణం.

మనకు రైలు అనుభవం ఉంది. సికింద్రాబాద్‌లో బండెక్కిన పెద్దావిడకు పై బెర్తు వస్తే, కింద బెర్తు కుర్రాణ్ని “బాబూ, కాస్త మారతావా” అని అడుగుతుంది. నూటికి తొంభైమంది మారతారు. అక్కడ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఓడ గదిని రెండేళ్ల ముందు ఎవరో ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద నొక్కేస్తారు. ఆ నొక్కుడుతో ప్రయాణం ఆగిపోయిన మనిషి ఎప్పటికీ ఎదురుపడదు. ఎదురుపడితే ఇచ్చేవాళ్లే, ఆ నమ్మకం నాకుంది. కనిపించకపోవడం వల్లనే ఈ అన్యాయం ఇంత సులభంగా జరిగిపోతోంది.

‘ముందు’ అన్న మాటలోనూ ఒక తిరకాసుంది. ప్రయాణాలు ఏడాదిన్నర, రెండేళ్ల ముందే అమ్మకానికి వస్తాయి. రెండేళ్ల తర్వాత తన ఒళ్లు ఎలా ఉంటుందో ఆరోగ్యవంతుడు ధైర్యంగా చెప్పగలడు. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చెప్పలేరు. డాక్టరు సరేనన్నాక, తోడొచ్చేవాళ్లకు సెలవు దొరికాక బుక్ చేస్తారు. అప్పటికి ఆ గదులు అయిపోయి ఉంటాయి. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే ఆలస్యంగా వచ్చేలా ఉన్న వరసను సమానమని ఎలా అనగలం?

రెండో మాట: లేకపోతే ఖాళీగా పోతుంది

ఇది లెక్క తెలియక అనే మాట. అమెరికా రవాణా శాఖ 2010 జులైలో ప్రయాణికుల ఓడలకు వికలాంగుల విషయంలో నిబంధనలు ప్రకటించింది. అవి ఆ ఏడాది నవంబరు 3 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఒక తరగతిలో మిగతా గదులన్నీ అమ్ముడయ్యేదాకా వీల్‌చెయిర్ గదులను అవసరమున్నవాళ్ల కోసం అట్టిపెట్టాలి. మిగతావన్నీ అయిపోయాక ఇంకా మిగిలితే అప్పుడు ఎవరికైనా అమ్ముకోవచ్చు. కాబట్టి ఆ గది ఖాళీగా పోతుందన్న భయానికి జవాబు నిబంధనలోనే ఉంది. రెండేళ్ల ముందు అమ్ముడుపోని గది ఓడ కదిలేనాటికీ అమ్ముడుపోదని తేల్చేయడమే ఇందులోని తప్పు.

ఆ నిబంధనల్లో ఇంకొక మంచి సంగతి చాలామందికి తెలియదు. వికలాంగులు అడిగిన తరగతిలో వీల్‌చెయిర్ గది లేక వేరే తరగతిలో ఉంటే, రెండు రేట్లలో ఏది తక్కువైతే దానికే ఆ గది ఇవ్వాలి. గది ఎక్కడున్నా మనిషికి ప్రయాణం దక్కాలన్నది దాని ఉద్దేశం. ఓడలో ఎక్కడా ఆ గది మిగలకపోతే ఈ హక్కు కాగితానికే పరిమితం. మా విషయంలో జరిగింది అదే.

ఇక్కడ కంపెనీల వైపు ఒక సందు ఉంది, దాచడం ఎందుకు? ‘తరగతి’ని ఎంత చిన్న ముక్కలుగా కోస్తే ఈ రక్షణ అంత త్వరగా కరిగిపోతుంది. ఏడో అంతస్తు మధ్య బాల్కనీ ఒక తరగతి, అదే అంతస్తు వెనక బాల్కనీ ఇంకొక తరగతి అని అక్షరాలు, అంకెలు తగిలిస్తే, చిన్న ముక్క నిండగానే అందులోని వీల్‌చెయిర్ గది అందరి అమ్మకానికీ వచ్చేస్తుంది. లోపలి గదులు, కిటికీ గదులు, బాల్కనీ గదులు, సూట్లు అని నాలుగే తరగతులుగా చూడాలి. అప్పుడే ఆ నిబంధన పెట్టినందుకు ఫలితం.

మూడో మాట: మా అమ్మకీ మోకాళ్ల నొప్పులే

ఇది మనవాళ్లు ఎక్కువగా అనే మాట, మనసులో నిజంగా నమ్మి అనే మాట కూడా. దీని మూలం నాకు తెలుసు. హైదరాబాద్‌లో విమానం ఎక్కే తల్లిదండ్రులకు దోహాలోనో దుబాయ్‌లోనో దారి తప్పుతారని, ఇంగ్లిష్‌లో అడగలేరని వీల్‌చెయిర్ సాయం రాయిస్తాం. నేనూ మా అమ్మకు రాయించాను. ఆమె నడవగలదు, కానీ ఆ విమానాశ్రయంలో ఒంటరిగా నడవడానికి భయపడింది. ఆ అలవాటే ఓడ గదికీ పాకింది. టిక్కు పెడితే సాయం దొరుకుతుంది, పెడితే పోయేదేముంది అనుకుంటున్నాం.

రెండూ ఒకటి కావు. విమానాశ్రయంలో కుర్చీ పావుగంటలో తిరిగొచ్చి ఇంకొకరికి పనిచేస్తుంది. అక్కడ కూడా నిజంగా నడవలేనివాళ్లు మన వరస వెనక ఎదురుచూస్తారు, ఆ మాట కూడా మనం ఆలోచించుకోవాలి. ఓడ గది ఏడు రాత్రులకూ పోతుంది. దాన్ని తోసుకొచ్చి మళ్లీ ఇవ్వడానికి ఎవరూ ఉండరు.

మోకాళ్ల నొప్పి చిన్నదని నేననడం లేదు. కమోడ్ మీంచి లేవలేక గోడ పట్టుకునే పెద్దవాళ్ల కష్టం ప్రతి ఇంట్లో చూస్తున్నదే. మీ అమ్మకు ఆ గదిలోని ఏ వసతి లేకపోతే రోజు గడవదో చూడండి. స్నానానికి కూర్చునే పీట, ఎత్తయిన కమోడ్ సీటు కావాలా? చాలా కంపెనీలు ముందుగా చెబితే మామూలు గదిలోనే అమరుస్తాయి. లిఫ్టుకు దగ్గరగా కావాలా? బుక్ చేసేటప్పుడే అంతస్తు పటం చూసి ఎంచుకోవచ్చు. గడప దాటలేదు, వాకర్ తలుపులో పట్టదు, పట్టుకోవడానికి కడ్డీ లేకపోతే పడిపోతుంది అంటారా? అయితే ఆ గది ఆమెదే. వీల్‌చెయిర్ లేదని సందేహించకుండా తీసుకోండి. కుర్చీ పూర్తిగా తిరిగే గదులు, మంచానికి ఒకవైపే దారి ఉన్నవి, కాస్త నడవగలిగి ఆసరా కావలసినవాళ్లకు సరిపోయేవి అని ఇప్పుడు మూడు రకాలుంటున్నాయి. మీ అమ్మకు మూడో రకం సరిపోతే మొదటి రకం తీసుకోకండి.

పెద్దవాళ్ల పేరు చెప్పి గది తీసుకుని, అందులో పెద్దవాళ్లకు బదులు పిల్లలున్న దంపతులు దిగి, అమ్మానాన్నలను పక్క మామూలు గదిలో పడుకోబెట్టే పద్ధతి కూడా విన్నాను. దానికి వాదన ఏదీ లేదు. అది అబద్ధం.

నాలుగో మాట: తప్పయితే కంపెనీయే అమ్మదు

కంపెనీలు అమ్ముతున్నాయి నిజమే. వాటి తప్పు పాతదే. 2015 జులైలో అమెరికా న్యాయశాఖ కార్నివాల్ కార్పొరేషన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. కార్నివాల్, హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ పేర్లతో తిరిగే 62 ఓడల మీద దాని ప్రభావం పడింది. న్యాయశాఖ ఎత్తిచూపిన లోపాల్లో నడవలేనివాళ్లకు తగిన గదులు సమకూర్చి, వాళ్ల కోసం అట్టిపెట్టకపోవడం ఒకటి. కంపెనీ 55,000 డాలర్ల జరిమానా, వివక్షకు గురైనవాళ్లకు 3,50,000 డాలర్ల పరిహారం కట్టింది. నూటికి మూడు గదులన్న లెక్క, పైన చెప్పిన మూడు రకాలు ఆ ఒప్పందంలో ఉన్నవే.

అయితే కంపెనీ తప్పు మన తప్పును కడిగేయదు. 2010 నాటి నిబంధనల్లో అమ్మేవాళ్ల బాధ్యతతోపాటు కొనేవాళ్ల నిజాయతీ కూడా ఉంది. ఆ గది అడిగినవాళ్లను, నడవడంలో ఇబ్బంది గానీ ఆ వసతులు అవసరమయ్యే ఇంకో ఇబ్బంది గానీ ఉందా అని కంపెనీ అడిగి తీరాలి. లిఖితపూర్వకంగా హామీ కోరవచ్చు. డాక్టరు చీటీ మాత్రం అడగకూడదు. మోసం జరిగిందని అనుమానించడానికి తగిన కారణం కనిపిస్తే విచారించాలి. అబద్ధపు హామీ ఇచ్చినవాళ్లను ఓడ ఎక్కించుకోకపోవచ్చు కూడా. నిబంధన రాసినవాళ్లు ఉదాహరణగా చెప్పిన మోసం ఏమిటో తెలుసా? ఎక్కువ చోటుంటుందని వైకల్యం లేనివాళ్లు ఈ గదులు తీసుకోవడం. మన విందుల్లో చిట్కాగా తిరుగుతున్న మాటను అమెరికా ప్రభుత్వం పదిహేనేళ్ల కిందటే మోసమని రాసిపెట్టింది.

“ఎవరూ అడగరు” అంటే ఆ కంపెనీ తన విధిని ఎగ్గొడుతోందని అర్థం. దాన్ని మనకిచ్చిన అనుమతిగా తీసుకోకూడదు. డాక్టరు చీటీ అడగొద్దన్నది మన మాట మీద నమ్మకంతో. మన మాట అబద్ధమైతే ఆ నమ్మకం రేపు పోతుంది. అప్పుడు ప్రతి వికలాంగుడూ కాగితాల కట్ట పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. మన దేశంలో రైల్వే రాయితీ కోసం, బస్ పాస్ కోసం సర్టిఫికెట్ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మా అక్కనడిగితే చెబుతుంది.

భద్రత సంగతి కూడా ఉంది. ప్రమాదం జరిగితే సాయం కావాల్సిన ప్రయాణికులెవరో ఓడ కదలకముందే నమోదు చేసి కెప్టెన్‌కు తెలియజేయాలని సముద్ర భద్రతపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. నిజంగా కదలలేనివాళ్లు ఇరుకు తలుపుల గదుల్లో చెల్లాచెదురై, వెడల్పు తలుపుల గదుల్లో పరిగెత్తగలిగినవాళ్లు ఉంటే, అలారం మోగిన రాత్రి ఏం జరుగుతుంది? సిబ్బంది వచ్చేసరికి అక్కను ఆ 23 అంగుళాల తలుపులోంచి బయటికి తేవాల్సింది నేనే. ఏడు రాత్రులూ ఆ ఆలోచనతోనే పడుకున్నాను.

అయిదో మాట: వాళ్లకది ప్రత్యేక సౌకర్యం

అదే రేటుకు పెద్ద గది దక్కడం వికలాంగులకు దొరికిన అదృష్టమని అంటున్నవాళ్లు, ఆ ‘అదే రేటు’ ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. 1998, 1999 సంవత్సరాల్లో హ్యూస్టన్ నుంచి నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఓడల్లో టిక్కెట్లు కొన్న వికలాంగులు, వాళ్లతో వెళ్లినవాళ్లు కోర్టుకెక్కారు. మంచి గదులు చాలావరకు తమకు అందుబాటులో లేవని, తమ దగ్గర ఎక్కువ చార్జీలు, అదనపు రుసుములు తీసుకున్నారని, ప్రమాదంలో బయటపడే ఏర్పాట్లు తమకు అందని చోట ఉన్నాయని వాళ్ల ఆరోపణ. ఇతర ప్రయాణికుల సౌఖ్యానికి భంగమనుకుంటే వికలాంగులను ఓడ నుంచి దింపే హక్కును కంపెనీ తన దగ్గర ఉంచుకుందన్నది ఇంకొక ఆరోపణ. ఓడల మీద ఎగిరేది బహమాస్ జెండా కాబట్టి అమెరికా వికలాంగుల చట్టం వర్తించదని కంపెనీ వాదించింది. 2005 జూన్ 6న అమెరికా సుప్రీంకోర్టు, విదేశీ జెండా ఉన్నా అమెరికా జలాల్లోని క్రూయిజ్ ఓడలకు 1990 నాటి ఆ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఓడ భద్రతకు అడ్డొచ్చే మార్పులు చేయనక్కర్లేదని కూడా చెప్పింది. అయిదేళ్ల తర్వాత వచ్చిన నిబంధనలకు ఆ తీర్పే దారి వేసింది.

టిక్కెట్ కొన్న రోజు నుంచి తీర్పు దాకా ఆరేడేళ్లు పోరాడి సాధించుకున్న సమాన ధరను, సూట్‌కేసులు పెట్టుకోవడానికి చవకగా దొరికిన చోటుగా మనం వాడుకుంటున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆరో మాట: తనిఖీ పెడితే నొచ్చుకునేదెవరు

ఇందులో నిజముందన్నాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మనిషి పొద్దున నడిచి సాయంత్రానికి కాలు కదపలేకపోవచ్చు. కృత్రిమ కాలున్నవాళ్లు ప్యాంటు వేసుకుని డెక్ మీద నడుస్తుంటే ఎవరికీ తెలియదు. రాత్రి కాలు తీశాక బాత్రూముకు కుర్చీ తప్పదు. గుండె బలహీనమైనవాళ్లు, పొట్ట దగ్గర సంచీతో బతికేవాళ్లు, ఇంకా ఎందరో. మా అంతస్తులో ఆ వెడల్పు తలుపు గదిలో ఉన్న కుటుంబంలో అలాంటివాళ్లు ఉండి ఉండొచ్చు. మొదటిరోజు వాళ్లను చూసి నాకు కోపం వచ్చిన మాట నిజం. తెలియకుండా కోపగించడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కాబట్టి తోటి ప్రయాణికుడు పోలీసు కాకూడదు. ఎవరి కాళ్ల వైపూ చూడక్కర్లేదు, ఎవరినీ నిలదీయక్కర్లేదు. కానీ దీన్నుంచి ‘అడగనే కూడదు’ అన్న ముగింపుకు దూకడం కుదరదు. అడగాల్సింది జబ్బు పేరు కాదు, అవసరం. “మామూలు గదిలో మీరు ఉండలేరా? ఏ వసతి లేకపోతే ఉండలేరు?” అన్న రెండు ప్రశ్నలు చాలు. కనిపించని జబ్బున్నవాళ్లకు ఇది అవమానం కాదు, వాళ్లు ఆ రెండింటికీ ఒక్క నిమిషంలో జవాబు చెబుతారు. పైగా ఆ గదులు అందరూ ఎగరేసుకుపోతే ముందుగా నష్టపోయేది వాళ్లే. చెప్పడానికి జవాబు లేనివాళ్లకే ఈ ప్రశ్నలు ఇబ్బంది.

కంపెనీలు చేయాల్సినవి నా దృష్టిలో నాలుగున్నాయి. ఆన్‌లైన్‌లో ఆ గది మామూలు గదుల మధ్య కనపడి ఒక్క నొక్కుడుతో అమ్ముడుపోకూడదు. ఆ రెండు ప్రశ్నలూ అడ్డుగా రావాలి. ఏజెంట్ల ద్వారా వచ్చే బుకింగులకూ అదే పద్ధతి వర్తించాలి. అవసరమున్నవాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటే, అవసరం లేకుండా ఆ గది తీసుకున్నవాళ్లను రుసుము లేకుండా అదే తరగతిలో వేరే గదికి మార్చాలి. కొన్ని కంపెనీలు ఒప్పంద పత్రంలో ఈ హక్కు రాసుకుంటాయి కూడా, వాడటమే మిగిలింది. నాలుగోది, పరిగణించే తరగతులు పెద్దవిగా ఉండాలి. వీటిలో దేనికీ ఓడను పగలగొట్టి కట్టక్కర్లేదు.

విశాఖ రేవు

ఇదంతా అమెరికా గొడవే కదా అనుకోవద్దు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వచ్చింది. 2023లో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో కేంద్రం క్రూయిజ్ భారత్ మిషన్ మొదలుపెట్టి, 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికులను రెట్టింపు చేస్తామంది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. కానీ దాని కింద చేసిన 2017 నిబంధనల్లో వసతుల ప్రమాణాలు సలహాల్లాగా ఉన్నాయే తప్ప తప్పనిసరి కాలేదని, రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

ఆ ప్రమాణాల్లో ర్యాంపు వాలు, తలుపు వెడల్పు రాస్తే సరిపోదు. గది కట్టాక దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎలా అమ్మాలన్నదీ రాయాలి. యూరప్‌లో 2012 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న సముద్ర ప్రయాణికుల హక్కుల నిబంధన, వైకల్యం కారణంగా బుకింగ్ నిరాకరించకూడదని చెబుతుంది. అమెరికాది గదిని అట్టిపెట్టమంటుంది. రెండూ కలిపి రాసుకునే అవకాశం మనకు ఇప్పుడే ఉంది. ఓడలు వచ్చి, గదులు అమ్ముకునే అలవాట్లు ముదిరాక వాటిని మార్చడం చాలా కష్టం.

ఇది చదివేవాళ్లలో వచ్చే సెలవులకు ఇప్పటికే అలాంటి గది బుక్ చేసుకున్నవాళ్లు ఉండొచ్చు. మీ ఇంట్లో ఎవరికీ అవసరం లేకపోతే ఈ వారంలోనే కంపెనీకో ఏజెంటుకో ఫోన్ చేసి, “ఇది మాకు అవసరం లేదు, ఇదే తరగతిలో వేరే గదికి మార్చండి” అని చెప్పండి. ఇప్పుడైతే మంచి గదులు ఇంకా ఉంటాయి. మీరు వదిలిన గది వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్న మనిషికి వెళుతుంది.